వాకిట్లో పట్టవలసిన ఈగలు

ఫిబ్రవరి నాలుగు. ప్రొద్దుటూరు, రక్తపరీక్షల ల్యాబు. ఉన్నవారు: ల్యాబు నడిపే నా మిత్రుడు, పులివెందుల దగ్గర చీనీ, అంటే బత్తాయి, తోటలో తేనెటీగలు పెంచుకునే రైతు, ఆయన భార్య, జమ్మలమడుగులో జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయిన నేను.

ఆనాటి డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. దాని కింద రాసుకున్నదంతా సంతోషమే. అందుకే ఇప్పుడు ఆ పేజీ తీయబుద్ధి కాదు.

వాళ్లకున్నవి ఆరు పెట్టెలు. మూడింటిలో ఈగలు నిండుగా ఉన్నాయి. మిగిలిన మూడు, ముసురు పట్టిన నాటి నుంచి చిక్కిపోతూ వచ్చాయి. చీనీపూత విచ్చుకునే లోపల వీటిని మంచివాటితో కలిపేస్తే ఈ ఏడాది గట్టెక్కుతారు. కానీ చిక్కిన ఈగల కడుపులో పరాన్నజీవి ఉంటే, అది మంచివాటికీ ఎక్కుతుంది. దానికి మా వైపు మందు దొరకదు. ముదిరితే పెట్టెల్లో ఉన్నదంతా గుంటలో వేసి తగలబెట్టడమే. కలపాలా వద్దా అని తేల్చుకోవడానికి చిక్కిన పెట్టెల ఈగలను సీసాలో పట్టుకొచ్చారు.

"ఈగలకు గూడా పరీక్షలొచ్చెనే! షుగర్ గూడా సూడమంటావా మామా?" అన్నాడు మిత్రుడు రైతుతో.

"తేనె తాగేవాటికి షుగరు లేకుండా యాడికి పోతాదిలేప్పా!" అంది రైతు భార్య. అందరం నవ్వాం.

కొన్ని ఈగల కడుపులు వేరు చేసి, నీళ్లు పోసి కల్వంలో నూరి, గుడ్డలో వడగట్టాను. రక్తకణాలను లెక్కించే గాజుపలక మీద ఒక చుక్క వేశాను. ఆ పలక మీద సన్నని గళ్లుంటాయి. పరాన్నజీవి సిద్ధబీజాలుంటే ఆ గళ్లలో బియ్యపు గింజల్లా మెరుస్తాయి. వాటిని లెక్కపెడితే ఒక్కో ఈగ కడుపులో ఎన్ని ఉన్నాయో తేలుతుంది. మైక్రోస్కోపు కింద పెట్టి గడి గడీ చూశాను. పుప్పొడి రేణువులు తప్ప ఏమీ లేవు. ఇంకో చుక్క వేశాను. అదే.

"ఏమీ లేవప్పా," అన్నాను.

రైతు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఈ మాట సాలు సార్. పొద్దుగూకే లోపల కలిపేస్తాం."

సాయంత్రం సీసా కడగబోతూ, మిగిలిన ఈగలను తెల్లకాగితం మీద పోశాను. ఒంటిమీద నూగు చెదరలేదు. ఒక్కదాని రెక్క అంచు కూడా అరగలేదు. అన్నీ లేతవే. ఈ జబ్బు బయట తిరిగే ముదురు ఈగల్లో పెరుగుతుంది, ఈమధ్యే పుట్టినవాటిలో దాదాపు కనిపించదు. అందుకే పెట్టె వాకిట్లో వచ్చీపోయేవాటిని పట్టమని ముందే చెప్పి ఉన్నాను.

రైతుకు ఫోన్ చేశాను. "ఈగల్ని యాడ పట్టినావప్పా?"

"లోపల పట్టుండే ఫ్రేముల మింద సార్. వాకిట్లోవి ఎగరలేక పాకుతాండాయి. మీలాంటోళ్ల ముందర అట్లాటివి పెట్టేదానికి మనసొప్పలా. ఇంటికి పెద్దమనిషొస్తే మంచి పండే గదా ఏరి పెడతాం? శానా నీటుగా ఉన్నెవి ఏరి తెచ్చినా."

"పెట్టెలు?"

"కలిపేస్తిమి సార్, నడుమ పేపరు పెట్టి. ఏమైంది?"

రెండు పెట్టెల ఈగలు ఒక్కసారిగా కలిస్తే కొట్లాడి చస్తాయి. అందుకని మంచి పెట్టె మీద న్యూస్‌పేపరు పరిచి, దానిపైన చిక్కిన పెట్టెను పెడతారు. కిందివీ పైవీ ఆ కాగితాన్ని కొరుక్కుంటూ, ఒకదాని వాసన ఒకటి అలవాటు చేసుకుని కలిసిపోతాయి. చీకటి పడింది. ఇప్పుడు తెరిస్తే ఈగలు మనుషుల మీదికి పాకుతాయి. జరిగింది చెప్పి, "తెల్లారుతూనే పైవి దించండి. పేపరు అప్పటికి చిరక్కుంటే..." అన్నాను.

ఫోన్ ఆయన భార్య చేతికి వచ్చింది. "మీరే గదా సార్, ఏమీ లేవంటిరి?"

"పొద్దున్నే వస్తానమ్మా," అన్నాను.

మరునాడు మొదటి బస్సులో, మిత్రుడి పాత మైక్రోస్కోపును ఒడిలో పెట్టుకుని పులివెందుల వెళ్లాను. నేను తోటకు చేరేసరికి పైపెట్టెలు దించి ఉన్నాయి. వాకిళ్ల ముందు కాగితపు పొట్టు రాలి ఉంది. నడుమ పరిచిన కాగితానికి అంచులే మిగిలాయి. ఏ ఈగ ఏ పెట్టెదో ఇక ఎవరూ చెప్పలేరు.

వాకిట్లో పాకుతున్నవాటిని పట్టి, మోటారు గది అరుగు మీద నూరి, వడగట్టి, పలక మీద చుక్క వేశాను. మొదటి గడిలోనే బియ్యం ఒలకబోసినట్టు ఉంది. అలవాటు కొద్దీ తరువాతి గడికి పోయాను.

"ఎన్ని సార్?" అన్నాడాయన.

"లెక్కపెడతాండానప్పా."

"సాల్లే సార్," అంది ఆయన భార్య. "లెక్క మీరు రాసుకోండి. మాకెందుకు?"

చీనీచెట్లకు అక్కడొకటి ఇక్కడొకటి పూలు విచ్చుకున్నాయి. ఆయన పార తీసుకుని గట్టు పక్కకు పోయాడు. గుంట ఎంత తవ్వమంటారని అక్కడి నుంచే అడిగాడు.

ఆరు పెట్టెలకు సరిపడా తవ్వమన్నాను.