గోల్‌కీపర్ కర్ర గల్లీ దాటిన రోజు

మొన్న సాయంత్రం మనవరాలు తన ఫోన్ తెచ్చి నా ముఖం ముందు పెట్టి, ఏదో పెద్ద హాకీ జట్టుకు కొత్త జనరల్ మేనేజర్‌ని ఎన్నుకున్నారట, చూడు నానమ్మా అంది. సూటు వేసుకున్న ఒకాయన, ఆయన పక్కన పూలగుత్తి పట్టుకుని దిగిపోతున్న పాత మేనేజరు, ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నారు. చూడగానే నాకు ఒళ్ళు మండింది. మేనేజర్‌ని మార్చడమంటే అంత నవ్వుకుంటూ చేసే పనా? రాయపూర్ పక్కన మా బీర్‌గావ్ గల్లీలో ఒక్కసారి ఆ పని జరిగినందుకు ఒక ఇంట్లో రెండు పొయ్యిలు వెలిశాయి, ఒక అన్నా చెల్లెళ్ళకు మాటలు పోయాయి, ఆ గల్లీలో తెలుగువాళ్ళ మధ్య కరివేపాకు రెమ్మ ఇచ్చిపుచ్చుకోవడం కూడా చాలాకాలం ఆగిపోయింది. ఆ పిల్లకు ఇదంతా చెబితే, హాకీ కోసమా అని నవ్వింది. మన వయసు వాళ్ళయితే నవ్వరని ఇక్కడ చెబుతున్నాను.

అప్పటికి రాయపూర్ ఇంకా మధ్యప్రదేశ్‌లోనే ఉండేది. మా నాన్నది విజయనగరం వైపు, రైల్వే ఉద్యోగం పట్టుకుని ఇక్కడికి వచ్చాడు, మేమంతా రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగాం. నన్ను ఇచ్చింది మాత్రం ఉర్లాలో ఇనుప కడ్డీలు చేసే ఒక మిల్లులో పనిచేసే ఇంటికి. ఆ మిల్లు సేట్‌గారికి కర్ర ఏ చివర పట్టుకోవాలో తెలియదుగానీ, రాజనందగావ్‌లో ఆయన తోడల్లుడికి హాకీ జట్టు ఉంది కనుక తనకూ ఉండి తీరాలి. అందుకని ఆడేవాళ్ళను వెతికి వెతికి తెచ్చి మిల్లు మస్టరులో పేర్లు ఎక్కించి, పనికి బదులు ఆట ఆడించి జీతం ఇచ్చేవాడు. పొద్దున్నే మైదానానికి వెళ్ళడం, గేటు దగ్గర హాజరు వేయించుకోవడం, ఇంటికొచ్చి పడుకోవడం, వాళ్ళ ఉద్యోగం అదీ. ఫర్నేస్ దగ్గర చెమటలు కక్కే మిగతావాళ్ళు కడుపు మండి వీళ్ళను కంపెనీ దామాద్‌లు అని పిలిచేవారు, అంటే ఇల్లరికపు అల్లుళ్ళన్నమాట. మా ఆయన ఆ అల్లుళ్ళలో ఒకడు, గోల్‌కీపర్.

జట్టుకు మేనేజరు మా మామగారు. ఎవరు టోర్నమెంటుకు వెళ్ళాలి, ఎవరు ఆగిపోవాలి, ఎవరి మోకాళ్ళు అరిగాయి కనుక ఇక ఆట మాన్పించి ఫర్నేస్ పనిలోకి పంపాలి, అన్నీ ఆయన మాటే. జట్టు కర్రలన్నీ మా వరండాలో గోడకు ఆనించి ఉండేవి. వానలు పట్టకముందే వాటికి అవిసె నూనె పట్టించే పని కోడళ్ళం మా ఇద్దరిదీ, నాదీ మా తోటికోడలిదీ. పాత బనియను గుడ్డ నూనెలో ముంచి, కర్ర ఈనె, అంటే కొయ్యలోని చారల వెంబడే రుద్ది, ఎండ తగలని చోట ఆరబెట్టాలి. ఆ నూనె వాసన చీరలకు పట్టి ఎంత ఉతికినా పోయేది కాదు. పండగపూట కొత్త చీర కట్టుకున్నా పక్కింటావిడ ముక్కు మూసుకునేది. ఏ కర్ర ఎవరిదో చీకట్లో తడిమి చెప్పగలిగేదాన్ని. మా ఆయనది అన్నిటికంటే బరువు, పిడికి తెల్ల గుడ్డ చుట్టి ఉండేది.

మామగారికి శుక్లాలు ముదిరి బంతి కనబడటం మానేసింది. దిగిపోతానన్నారు. ఆ జట్టులో మేనేజర్‌ని ఎన్నుకోవడానికి ఒక పద్ధతి ఉంది, ఎవరు పెట్టారో తెలియదు. చెప్పిన రోజు పొద్దున్నే ఆటగాళ్ళంతా పాత మేనేజరు ఇంటికి వస్తారు. మళ్ళీ ఆ ఇంటి మనిషే మేనేజరు కావాలని కోరే ఆటగాడు తన కర్రను ఉన్నచోటే ఉంచుతాడు. వద్దనుకునేవాడు కర్ర తీసుకుని, తనకు కావలసిన మనిషి ఇంటికి మోసుకెళ్ళి ఆ గోడకు ఆనిస్తాడు. ఎక్కువ కర్రలు ఏ ఇంట ఉంటే ఆ ఇంటాయన మేనేజరు, సేట్‌గారు మారుమాట లేకుండా ఒప్పుకుంటాడు. పట్టపగలు, అందరి కళ్ళ ముందు. మొహమాటానికి ఇంతకంటే పెద్ద పరీక్ష నేను చూడలేదు.

పోటీ ఇద్దరికి. ఒకరు మా బావగారు, మా ఆయన అన్న. ఆయన మిల్లు ఆఫీసులో హాజరు చూసే గుమాస్తా, జన్మలో కర్ర పట్టలేదు, ఒకసారి నాగపూర్‌లో అవతలివాళ్ళు గోలు కొడితే లేచి నిలబడి చప్పట్లు కొట్టిన మహానుభావుడు. తండ్రి కుర్చీ తనదేనని ఆయన నమ్మకం. రెండో మనిషి మా అన్నయ్య. కుర్రతనంలో రైల్వేకి ఆడాడు, కాలు విరిగి ఆట పోయింది, మా మామగారే పిలిచి మిల్లులో పెట్టి జట్టుకు ఆట నేర్పమన్నారు. మా ఇంటికి సరిగ్గా ఎదురిల్లు అన్నయ్యది. పుట్టినిల్లు ఎదురుగా ఉండటం అదృష్టం అనేవాళ్ళు అందరూ. ఆ అదృష్టం ఏమిటో నాకు తెలుసు.

బావగారు రోజుకు ఇద్దరిని ఇంటికి పిలిచి భోజనాలు పెట్టేవాడు, వండి వడ్డించడం మా ఇద్దరి పని. మా అన్నయ్య ఎవరికీ టీ చుక్క పోయించలేదు సరికదా, కనబడిన వాడినల్లా తిట్టేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఆ సామెత వాడి చెవిన పడినట్టు లేదు. ధర్సీవా రోడ్డు మీద టీకొట్టు దగ్గర నలుగురిలో నిలబడి మా ఆయన గురించి అన్న మాట సాయంత్రానికల్లా నా చెవిన పడింది. మోసుకొచ్చింది మా తోటికోడలే, ఎంత సంతోషంగా మోసుకొచ్చిందో. నేను పప్పు పొయ్యి మీదే వదిలేసి గల్లీ దాటి వెళ్ళి, నా మొగుణ్ణి అలా అన్నావా అని అడిగాను. వాడు చొక్కాకు గుండీ కుట్టుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"అన్నాను. బంతి ఎల్లిపోయాక వొంగుతున్నాడు. అది గోల్ కాయడం కాదు చెల్లీ, దణ్ణం పెట్టడం."

మేనేజరైతే ఏం చేస్తావని అడిగాను. ముందు కీపర్‌ని మారుస్తానన్నాడు. కీపర్‌ని మారిస్తే మా ఆయన ఎక్కడికి పోతాడో వాడికీ తెలుసు, నాకూ తెలుసు. కాగుతున్న ఇనుము దగ్గర పట్టకారు పట్టుకుని నిలబడే పనికి, ఆ మోకాళ్ళతో. మా వదిన లోపలినుంచి వచ్చి మంచినీళ్ళు ఇవ్వబోయింది, నేను తీసుకోలేదు. రాఖీ మనవాళ్ళ ఆచారం కాకపోయినా ఇక్కడ పుట్టిన పుణ్యానికి ఏటా వాడికి కట్టేదాన్ని. ఆ చెయ్యే కదా అని తలుచుకుని కుతకుతలాడిపోయాను.

ఇంటికొచ్చి మా ఆయనతో స్పష్టంగా చెప్పాను. బావగారికి ఆట రాకపోతే పోయింది, తమ్ముణ్ణి మంటల్లోకి తోయడు, నువ్వు చెయ్యి కూడా కదపక్కర్లేదు, నీ కర్ర ఉన్నచోట ఉండనిస్తే చాలు. ఆయన మజ్జిగ అడిగి తాగాడు తప్ప అవునూ అనలేదు, కాదూ అనలేదు. పెళ్ళయిన నాటినుంచీ ఆయన మౌనాన్ని అంగీకారమనే లెక్క వేసుకోవడం నాకు అలవాటు.

ఆ పొద్దున గల్లీ అంతా గుమ్మాల్లోనే ఉంది. ఛత్తీస్‌గఢీ వాళ్ళు సైతం బకెట్లు కుళాయి కింద వదిలేసి చూస్తున్నారు. మామగారు వరండాలో కుర్చీలో కూర్చుని, కళ్ళు కనబడవు కనుక చెవులు రిక్కించారు. ఆటగాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. కొందరు బావగారికి నమస్కారం పెట్టి ఊరికే నిలబడ్డారు, కొందరు తల దించుకుని కర్ర తీసుకుని గల్లీ దాటారు. మా ఇంట్లో అంతకుముందురోజే చేపల పులుసు తిన్నవాడు దాటినప్పుడు మా తోటికోడలు వాడికి వినబడేలాగే, తిన్నది అరక్కపోవాలని శపించింది. అన్నయ్య మాత్రం తన గుమ్మంలో స్టూలు వేసుకుని ఎవరివంకా చూడకుండా కూర్చున్నాడు. చివరికి మా ఆయన కర్ర లెక్క వేయకుండా రెండు గోడలకూ సమానంగా తేలాయి. మిగిలింది గోల్‌కీపర్. బావగారు అప్పుడే నవ్వడం మొదలుపెట్టాడు, తమ్ముడి కర్ర తమ ఇంటి గోడకే ఉంది కదా.

మా ఆయన లోపలినుంచి వచ్చి చెప్పులు వేసుకున్నాడు. వరండాలో నిలబడేవాడికి చెప్పులెందుకు? తెల్ల గుడ్డ పిడి పట్టుకుని, కన్నతండ్రి కుర్చీ పక్కనుంచి, తోడబుట్టినవాడి ముందునుంచి, ఆ మోకాళ్ళతో మెల్లగా మెట్లు దిగి గల్లీ దాటి, మా అన్నయ్య గోడకు ఆనించి వచ్చాడు. ఎవరిదది అని మామగారు అడిగారు. అడుగులు తిరిగొచ్చి మెట్లెక్కుతుంటే గుర్తుపట్టినట్టున్నారు, లేచి గోడ తడుముకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

అందరూ వెళ్ళాక ఎందుకు చేశావని గొంతు చించుకుని అడిగాను. ఆయన చెప్పులు విప్పి పక్కన పెట్టి అన్న మాట ఇది.

"నా గురించి నిజం చెప్పినోడు మీ అన్నొక్కడే. మిగతావోళ్ళందరూ మొహమాటానికి నన్ను గోల్‌లో నిలబెట్టారు. నాకు తెలీదేటి?"

మంచి మాటే అనుకోండి. మంచి మాటలతో మోకాలి నొప్పి తగ్గదు. పదిహేను రోజులు తిరక్కుండానే అన్నయ్య కొత్త కీపర్‌ని తెచ్చాడు, మా ఆయన ఫర్నేస్ పనిలో చేరాడు. ఇంట్లో నా పరిస్థితి చెప్పనే అక్కర్లేదు. నేనే మొగుణ్ణి ఎగదోసి పుట్టింటివాళ్ళకు పదవి కట్టబెట్టానని బావగారూ తోటికోడలూ నమ్మారు, గల్లీ అంతా నమ్మింది. నేను చెప్పింది దానికి సరిగ్గా తలకిందులని ప్రమాణం చేసినా వినేవాళ్ళు లేరు.

"అన్న మేనేజరయ్యాడు, మొగుడు భట్టీ కాడికెళ్ళాడు, భలే హిసాబ్ చేశావు" అని మా తోటికోడలు నా లెక్కను ఎత్తిపొడిచిన రోజే వంటింట్లో రెండో పొయ్యి వెలిగింది. ఇటు వీళ్ళతో మాటల్లేవు, అటు అన్నయ్యతో నేనే మానేశాను. రాఖీ నాడు వాడు గుమ్మంలో స్టూలు మీద కూర్చుని ఉండేవాడు, ఏటా. నేను తలుపు వేసుకునేదాన్ని.

ఒళ్ళు మండించే సంగతి ఇంకోటి ఉంది. ఆ ఏడే జట్టు రాజనందగావ్‌లో కప్పు గెలిచింది, సేట్‌గారి తోడల్లుడి జట్టు మీదే. మా ఆయన రాత్రి షిఫ్టు చేసి, నిద్ర మానుకుని, బస్సు పట్టుకుని వెళ్ళి ఆ ఆట చూసి వచ్చాడు. కొత్త కీపర్ ఎలా వంగాడో, ఎప్పుడు వంగాడో ఇంట్లో చేతులు తిప్పి చూపిస్తుంటే చెంబు విసిరేశాను. ఆ తర్వాత మిల్లు చేతులు మారింది. కొత్త యజమానికి తోడల్లుళ్ళ పౌరుషాలు లేవు, జట్టును ఎత్తేశాడు. మా అన్నయ్యను సిల్తారాలో ఉన్న ఇంకో ప్లాంటులో తుక్కు తూచే పనికి పంపారు. మగవాళ్ళిద్దరూ షిఫ్టులు అయ్యాక ఆ టీకొట్టు దగ్గరే కూర్చుని పాత ఆటలు చెప్పుకునేవారని తెలిసేది. వాళ్ళు కలిసిపోయారు. కోపమంతా నాకు వదిలేసిపోయారు.

అన్నయ్య పోయినప్పుడు వెళ్ళాను, మనిషి పోయాక తలుపు వేసుకోవడం నావల్ల కాలేదు. పదకొండో రోజు దాటాక వదిన పాత దుప్పటి చుట్టిన పొడుగాటి మూట నా చేతికిచ్చింది. విప్పక ముందే తెలిసింది, ఆ బరువు, ఆ వాసన. జట్టు ఎత్తేసినప్పుడు ఎవరి కర్ర వాళ్ళు తీసుకుపోయారట, మా ఆయన మాత్రం నీ దగ్గరే ఉండనీ అన్నాడట. తెల్ల గుడ్డ మారింది, కర్ర మాత్రం నిగనిగలాడుతోంది. అన్నేళ్ళూ ఎవరు ఆడారని దానికి నూనె?

"నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు వదినా. ఏటా వానలకి ముందు ఆయనే రాసుకునేవారు" అంది మా వదిన.

ఆ మాట వినగానే కరిగిపోయానని రాస్తే మీకు బాగుంటుందేమో. లేదు, ఇంకా మండింది. గల్లీ వెడల్పు ఎంతని? నాతో చెప్పవలసింది నాతో చెప్పకుండా ఏళ్ళ తరబడి కర్రకు రాస్తూ కూర్చున్నాడు, తిడదామంటే ఇప్పుడు లేడు.

ఆ ఫోన్‌లోని ఇద్దరు మేనేజర్ల వంక మళ్ళీ చూశాను. మంచివాళ్ళే అయ్యుంటారు. ఈ పదవి పోతే ఇంకోటి దొరుకుతుంది, ఈ జట్టు కాకపోతే ఇంకో జట్టు, ఆ నవ్వు ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు. వాళ్ళ కోసం ఏ చెల్లెలూ తలుపు వేసుకోదు, ఏ తోటికోడలూ శాపనార్థాలు పెట్టదు. మా బావగారు లేడు, మా ఆయనా లేడు. నన్ను భలే హిసాబ్ చేశావన్న తోటికోడలికి ఇప్పుడు నేనెవరో గుర్తులేదు, ఎదురుగా కూర్చుంటే ఎవరమ్మా నువ్వు అని మర్యాదగా అడుగుతుంది. ఆ మర్యాదను భరించడం కష్టంగా ఉంది. ఈసారి వానలకు ముందు కర్రకు నూనె రాస్తుంటే ఆవిణ్ణి పిల్లలు తెచ్చి నా పక్కన కూర్చోబెట్టారు. వాసన తగిలి ముఖం చిట్లించి, కాసేపు కర్రవంక చూసి, దీన్ని అటు ఎందుకు తీసుకెళ్ళాడే వాడు అంది. బనియను గుడ్డలో సగం చింపి ఆవిడ చేతికిచ్చాను, ఈనె వెంబడే రుద్దడం ఆవిడ మరిచిపోలేదు.