వణకని చెయ్యి

బెల్లంపల్లిలో పెళ్ళిళ్ళకు వీడియోలు తీసే అన్న ఒకాయన ఉండేవాడు. మా ఊరి నుంచి ఫిలిం స్కూలుకు పోయి చదివొచ్చింది ఆయనొక్కడే. ఆ స్కూల్లోనే నాకూ సీటొచ్చింది. "చేరాల్నా అన్నా?" అని ఎప్పుడడిగినా, అంగీ కొసతో లెన్సు తుడుస్తూ కూర్చునేవాడు.

ఇంతలో గనిలో పైకప్పు కూలి వాళ్ళ బాపు చనిపోయాడు. పెద్దన్న తలకొరివి పెడుతుంటే, దుబాయి నుంచి రాలేకపోయిన నడిపన్న చూడాలని ఈయనే అంతా వీడియో తీశాడు. జనం వెళ్ళిపోయాక నన్ను దగ్గరికి పిలిచాడు.

"కెమెరా పట్టినంక చెయ్యి వణకొద్దని నేర్పిండ్రు తమ్మీ. ఇయ్యాల బాపు కాలుతుంటే గూడ వణకలే. నేను మంచిగ నేర్చుకున్ననా, ఖరాబైననా, నాకే సమజైతలేదు."

అప్పుడైనా ఏడుస్తాడనుకున్నాను, ఏడవలేదు. నేను సీటు వదులుకున్నాను. ఆయన మరుసటి వారమే పెద్దపల్లిలో ఎవరిదో పెళ్ళికి కెమెరా పట్టుకుని పోయాడు.