మూడో మలుపులో అడ్డదుంగ

1957. మలయాకు మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చి ఎక్కువ రోజులు కాలేదు. అడవిలో కమ్యూనిస్టుల తిరుగుబాటు అణగలేదు కనుక ఎమర్జెన్సీ, మా వైపు కర్ఫ్యూ అలాగే ఉన్నాయి. బంటింగ్ దగ్గర ఒక రబ్బరు ఎస్టేట్‌లో నేను రోడ్ ఓవర్సీర్‌గా ఉండేవాడిని. మెర్డెకా సంబరాల కోసం అక్కడి మోటార్ క్లబ్ స్టాక్ కార్ రేసు పెట్టింది. స్టాక్ కార్ అంటే రేసు కోసం కట్టినది కాదు, ఇంటి ముందు నిలిపే మామూలు కారే. వాడకం ఆగిపోయిన ఒక ఎయిర్‌స్ట్రిప్ చుట్టూ మట్టి ట్రాక్ వేసే పని మా గ్యాంగుకు అప్పగించారు.

మావాళ్ళంతా శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చిన కుటుంబాలవాళ్ళు. "వీళ్ళు రేసు ట్రాక్ వేస్తారా?" అని క్లబ్ సెక్రటరీ నవ్వాడు. మా గ్యాంగులో పెద్దవాడు అప్పలసామి, నాకు మావ వరస, అది విని ఊరుకోలేదు. అక్కడి మలై వాళ్ళలా చివర ‘లా’ తగిలించి అన్నాడు.

"ఆ బాబు కారు రోజూ మనం ఏసిన రోడ్డు మీదే కదేటి ఇంటికెల్తాది లా!"

మామూలు రోడ్డు నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా ఉంటుంది. దాన్ని కేంబర్ అంటారు. వేగంగా వచ్చే కారు అలాంటి మలుపులో బయటికి జారిపోతుంది. అందుకని మలుపుల్లో బయటి అంచునే ఎత్తు చేశాం. ఎర్రటి లాటరైట్ మట్టిని పొరలుగా పోసి, ప్రతి పొరనూ రోలర్‌తో తొక్కించాం. మూడో మలుపులో మట్టి లారీలు ట్రాక్‌లోకి వచ్చే పక్కదారికి అడ్డంగా, చెక్‌పోస్టులో లాగా, తాడు లాగితే లేచే దుంగ పెట్టాం. దాని దగ్గర అప్పలసామిని నిలబెట్టాను.

రేసు రోజు పొద్దున్నే వాన దంచి కొట్టింది. మొదలుపెట్టగానే రెండు కార్లు గుద్దుకున్నాయి. వాటిని ఈడ్చేలోపు తిన్నటి దారిలో మట్టి లేచిపోయి గుంతలు పడ్డాయి. రేసు ఆపేశారు. "కర్ఫ్యూలోపు జనం ఇళ్ళు చేరాలి. ఇంకోసారి ఆగితే రద్దే" అన్నాడు పోలీసు ఇన్‌స్పెక్టర్. మా ఆడవాళ్ళు తట్టలతో కంకర అందించారు, మగవాళ్ళు దిమ్మిసలతో కొట్టారు. రేసు మళ్ళీ మొదలైంది.

అప్పుడే మూడో మలుపులో ఒక కారు గిర్రున తిరిగి ట్రాక్‌కు అడ్డంగా ఆగిపోయింది. వెనక ఇంకొకటి దూసుకొస్తోంది. పోలీసులతో, లారీ డ్రైవర్లతో పొద్దుటినుంచీ మలై భాష మాట్లాడిన నోరు నాది. "జాగ! జాగ!" అని అప్పలసామికి వినబడేలా అరిచాను. మలైలో ఆ మాటకు కాచుకో అని అర్థం. ఆయన పక్కకు తప్పుకోవాలని నా ఉద్దేశం. కానీ నేను ఆయనతో ఏనాడూ తెలుగు తప్ప మాట్లాడలేదు. ఆయనకు వినబడింది మన జాగా, అంటే చోటు. వెంటనే తాడు లాగి దుంగ ఎత్తేశాడు.

వెనక కారు ఆ సందులోంచి దూరి, ఆయనను రాసుకుంటూ పోయి, లాలాంగ్ గడ్డిలో మాయమైంది.

సెక్రటరీ పరుగున వచ్చాడు. "ఎవడు ఎత్తమన్నాడు? డ్రైవర్ చచ్చాడో బతికాడో! వీణ్ణి ఇవాళే పనిలోంచి తీయించేస్తాను!"

ఎస్టేట్‌లో పని పోతే వాళ్ళిచ్చిన లైను ఇల్లు కూడా పోతుంది. "నేనే ఎత్తమన్నాను" అన్నాను.

అంతలో డ్రైవర్, ఒక చీనా దుకాణదారు, గడ్డి దులుపుకుంటూ నడిచి వచ్చాడు. "గేటు తెరిచిందెవరు? లేకపోతే ఆ కారును గుద్ది చచ్చేవాణ్ణి" అన్నాడు. సెక్రటరీ నన్ను చూపించాడు. డ్రైవర్ నా చెయ్యి పట్టుకుని ఊపాడు. చుట్టూ చప్పట్లు. నేను తల ఊపాను.

అడ్డంగా ఆగిన కారును మావాళ్ళు పక్కకు తోసేయడంతో రేసు ఆగకుండా, కర్ఫ్యూకు ముందే పూర్తయింది. అంత వానకూ మా మలుపుల్లో ఒక్క అంచు కూడా జారలేదు. సెక్రటరీ స్వయంగా వచ్చి మా ఆడవాళ్ళకు కూడా దణ్ణం పెట్టి వెళ్ళాడు.

జనం కదిలాక అడిగాను. "దుంగెందుకు ఎత్తినావు మావా?"

"నువ్వే కదేటి, జాగా జాగా అని గోల పెట్టినావు! సోటు సెయ్యమన్నావనుకున్నాను."

"నాను కాసుకోమన్నాను మావా!"

ఆయన పడీ పడీ నవ్వాడు. "అయితే ఆ బాబుని బతికించింది సగం నీ మలై, సగం నా తెలుగు. మరి సెయ్యి నీ ఒక్కడికే ఇచ్చినాడేటి?"

నేనూ నవ్వేసి ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం ఏళ్ళ తరబడి సాగింది. పెళ్ళిళ్ళలో, కోవెల కమిటీల్లో నా ముందుచూపు గురించి కథలు చెబుతుంటే తల ఊపాను. సిగ్గుగానే ఉండేది, అయినా ఊపాను.

నిజం ఇది. ఆ ఆజ్ఞ నేను ఇవ్వలేదు. అప్పలసామి మావ మాటను వేరుగా విన్నాడు, అంతవరకూ పొరపాటే. కారు తన మీదికే వస్తోంది. తాడు వదిలి పరుగెత్తితే దుంగ కింద పడుతుంది. వదలకుండా నిలబడడం మాత్రం పొరపాటు కాదు, ఆయన గుండె.

ఒకరి మీద పడే తప్పును నెత్తిన వేసుకోవడం నాకు ఆ రోజు కష్టమనిపించలేదు. అదే తప్పు మెప్పుగా మారినప్పుడు దించి అసలు మనిషికి ఇవ్వడమే చేతకాలేదు. ఆ ట్రాక్ మా గ్యాంగు వేసింది, దాని గర్వంలో నాకూ వాటా ఉంది. ఒక మనిషిని బతికించిన గర్వం మాత్రం మొత్తం అప్పలసామి మావది.