సౌండ్ లేని కంప్యూటర్‌లో నాయిన పిలుపు

నేను మహబూబాబాద్‌లో హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. దయ్యాలంటే నమ్మకం లేదు, భయం అసలే లేదు. స్టాఫ్‌రూంలో ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే ముందు నవ్వేది నేనే. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మా నాయిన కరోనాలో పోయాడు. దవాఖానలోకి మమ్మల్ని రానివ్వలేదు. అప్పటినుంచి అమ్మ నా దగ్గరే ఉంటోంది. ఆమెకు చెవులు పూర్తిగా పోయి చాలా ఏళ్లయింది. పక్కనే పటాకులు పేలినా తిరిగి చూడదు. ఆమె దిగులు ఒక్కటే.

"పోయెటప్పుడు నాకో మాటన్న చెప్పకపాయె."

అన్నం ముందు కూర్చున్నా అదే మాట.

మొన్న ఎండాకాలం ఒకరోజు పొద్దున పాత కంప్యూటర్‌లో ఫొటోలు వెతుకుతున్నాను. నాయిన పోయాక ఆయన ఫోన్ నుంచి ఎక్కించిన ఫైళ్ల మధ్య ఒక ఆడియో కనిపించింది. ఆయన దవాఖానలో ఉన్న రోజులదే. అందులో ఏం చెప్పాడో నేను వింటే అమ్మకు సైగలతో చెప్పవచ్చని ఆశపడ్డాను.

కానీ అంతకు ముందటి వానాకాలం పిడుగుకు ఆ కంప్యూటర్‌లో సౌండ్ కార్డు కాలిపోయింది. స్పీకర్లు కూడా తీసి పారేశాం. ప్లేయర్ నొక్కితే ఆడియో డివైస్ లేదని చూపించి మూసుకుపోతోంది. ఎన్నిసార్లు నొక్కినా అంతే. ఫోన్‌లోకి ఎక్కిద్దామని కేబుల్ కోసం లోపలికి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి ప్లేయర్ తెరిచి ఉంది. ఆడియో ఎంత నడిచిందో చూపే గీత ముందుకు కదులుతోంది. చప్పుడు లేదు, ఉండే వీలే లేదు.

అమ్మ కంప్యూటర్‌కు వీపు పెట్టి కింద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఉన్నట్టుండి ఆమె చేతులు ఆగిపోయాయి. తల ఎత్తి, "ఆఁ, ఇంట్లనే ఉన్న" అంది.

గీత చివరికి చేరి ప్లేయర్ మూసుకుపోయింది. అమ్మ నావైపు తిరిగింది.

"మీ నాయిన పేరు పెట్టి పిలిచిండు బిడ్డా. నర్సమ్మా అన్నడు."

నాయిన ఆమెను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. పుట్టింటి ఊరి పేరుతో 'ఓ తరిగొప్పులదానా' అనేవాడు, అంతే.

వెంటనే ఫైల్‌ను ఫోన్‌లోకి ఎక్కించి విన్నాను. దవాఖాన మిషన్ల చప్పుడు, నాయిన ఆయాసం. చివర్లో ఆయన గొంతు.

"నర్సమ్మా... ఇంట్లనే ఉన్నవా?"

ఏడుపు ఆపుకోలేకపోయాను.

కంప్యూటర్లు బాగుచేసే అతన్ని పిలిపించాను. సౌండ్ లేనిదే ఆ ప్లేయర్ తెరుచుకోదని తేల్చేశాడు. సరే, ఎలాగో తెరుచుకుందనే అనుకుందాం. సౌండ్ లేని మిషన్, చెవులు లేని మనిషి. దీన్ని నేను ఏ పాఠంలో చెప్పను?

సాయంత్రం ఫోన్ సౌండ్ పూర్తిగా పెంచి అమ్మ చెవికి ఆనించాను. ఆమె ఫోన్ పక్కకు నెట్టింది.

"దీంట్ల ఏం ఇనొస్తలేదు బిడ్డా. మళ్ల ఎందుకు, పొద్దుగాల ఇన్న గద."

ఆ దిగులు మాట మళ్లీ ఆమె నోట రాలేదు. ఎలా విన్నదో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.