సముద్రానికి నీరటి

గాలయ్య డప్పు భుజాన వేసుకుని వీధిలోకి వచ్చాడంటే ఆడవాళ్లు దంచుతున్న రోకలి ఆపేసేవారు. కట్టంగూరుకు దగ్గరలోని మా ఊళ్లో ఎవర్నడిగినా ఇదే చెబుతారు. పట్వారి చెప్పిన మాటకు నూరు వంకలు పెట్టే జనం, గాలయ్య చాటిన మాటకు ఒక్క వంక పెట్టేవారు కాదు. "డప్పు నాది, నోరు మాత్రం ఊరిది. ఊరి నోటితోని అబద్దమాడితే పురుగులు పడి సస్త," అనేవాడు. కూలికి పోయినచోట నవ్వులాటకైనా అతని నోట అబద్ధం విన్నవాళ్లు లేరు. అంతటి మనిషిని చదువుకున్న పెద్దమనుషులు కలిసి అబద్ధాలకోరును చేసిపెట్టారు. తలుచుకుంటేనే ఒళ్లు మండుతుంది.

ఇది యాభై ఎనిమిదిలో మొదలైంది. బ్లాకు ఆఫీసువాళ్లు బడి దగ్గర పెద్ద గుండిగ పెట్టి పిల్లలకూ బాలింతలకూ పాలు పోసేవారు. ఆ పాలపొడి ఎక్కడో సముద్రాల అవతలి నుంచి వచ్చేది. ఆ దేశానికి భూగోళం పుస్తకంలో ఏదో పేరు ఉంది గానీ, మా ఊళ్లో మాత్రం అది పాలపొడి దేశమే. బర్రెలు వట్టిపోయిన ఇళ్లకు, అసలు బర్రెలే లేని ఇళ్లకు ఆ పాలే పాలు. ఈదమ్మ కొడుకు ఎల్లస్వామి ఆ గుండిగ దగ్గరే పెరిగాడు. ఈదమ్మ మొగుడు ఎవరిదో బావి తవ్వుతుంటే గడ్డ విరిగి మీద పడి పోయాడు. ఉన్నది ఒక్క కొడుకు. నాట్లకూ కలుపులకూ పోయి వాణ్ని సాదుకునేది. ఆమె గుడిసె, గాలయ్య గుడిసె పక్కపక్కనే.

ఒకనాటి పొద్దున భిక్షపతి తన చాయ హోటల్లో పేపరు చదువుతూ చదువుతూ బల్ల గుద్దాడు. భిక్షపతి సంఘం మనిషి, పోరాట కాలంలో జైలుకు పోయివచ్చినవాడు.

"సూడుండ్రయ్యా! మనకు పాలు వోసే దేశం పాకిస్తానుకు విమానాలు అమ్మిందట. సముద్రం మీద తిరుక్కుంట కావలి గాసే విమానాలట. ఆల్లు దోస్తులని అమ్మిందట. మనకేమో పొడి, ఆల్లకేమో విమానాలు! ఎట్లున్నది యవ్వారం?"

మధ్యాహ్నానికల్లా ఊరంతా పాకింది. మర్నాడు ఒక్క తల్లీ పిల్లను బడికి పంపలేదు. గుండిగలో పాలు విరిగిపోయాయి. ఆ సాయంత్రమే బ్లాకు ఆఫీసరు జీపు దుమ్ము లేపుకుంటూ వచ్చింది. ఆఫీసరు పట్వారి ఇంటి అరుగు మీద కూర్చుని గాలయ్యను పిలిపించాడు.

"గాలయ్యా, అవి బాంబులు వేసే విమానాలు కావు. సముద్రం మీద కాపలా తిరిగేవి, అంతే. మన మీదికి వాడబోరని ఆ దేశంవాళ్లు ఢిల్లీకి మాటిచ్చారు. ఊరంతా చాటు. లేనిపోని భయానికి పిల్లల నోటికాడి పాలు పోతున్నాయి."

గాలయ్య చేతులు కట్టుకుని, "నిజమేనా అయ్యా?" అని అడిగాడు.

"నీకు అబద్ధం చెప్పి నేను బావుకునేదేముంది?"

చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా! గాలయ్య నమ్మాడు. నమ్మి ఊరుకోక ఆలోచించాడు. అతను సముద్రం చూడలేదు, ఊళ్లో ఎవరూ చూడలేదు. వానాకాలం అలుగు దూకే పెద్దచెరువే మా అందరికీ పెద్ద నీళ్లు. ఆ నీళ్లకు కావలి ఉండేది నీరటి రాములు. తూము ఎత్తడం, దించడం, వంతు ప్రకారం ఒక్కో మడికీ నీళ్లు పారించడం అతని పని. అందరి కల్లంలోనూ అతనికి కూలి కింద మేర గింజలు కొలుస్తారు కాబట్టి ఎవరి పక్షమూ పట్టడు. నీళ్లకు కావలి కాసేవాడు అలాంటివాడు కాక ఇంకెలా ఉంటాడనుకున్నాడు గాలయ్య. గడ్డి మంటకు డప్పు కాచుకుని బయల్దేరాడు.

"చిన్న పెద్ద అందరు ఇనుండ్రి! పక్క దేశపోడు కొన్నయి లడాయి విమానాలు గావు! గవి సముద్రానికి నీరటోళ్లు! మన చెరువుకు రాములు ఎట్లనో, సముద్రానికి గవి గట్ల! రాములు ఎవనిమీదన్న కట్టె లేపిండా? లేపలే! ఫికర్ జేయకుండ్రి, పిల్లల పాలకు తోలుండ్రి!"

ఆఫీసరు వందసార్లు చెప్పినా ఎక్కని మాట, నీరటి అనేసరికి అందరి బుర్రలోకీ ఎక్కింది. రాములునైతే పిల్లలు నెలరోజులు ఏడిపించారు, "తాతా, నీ రెక్కలేవే?" అని. మర్నాడు గుండిగ ముందు ఎప్పటిలాగే గిన్నెల చప్పుడు. ఆఫీసరు గాలయ్య భుజం తట్టి పోయాడు. భిక్షపతి ఒక్కడే నవ్వలేదు.

"గాలన్నా, చెరువు నీరటి ఊరు చెప్పినట్టు ఇంటడు. సముద్రం నీరటి ఎవరు చెప్పినట్టు ఇంటడే?"

"నీకు అన్నిట్ల వంకలే కనపడ్తయిరా భిక్షపతీ," అని విసుక్కుని పోయాడు గాలయ్య.

ఏళ్లు గడిచాయి. పాలు తాగిన పిల్లలు మీసాలు తిప్పారు. ఎల్లస్వామి ఆరడుగుల మనిషై, నల్లగొండలో సిపాయిలను ఎంచుతుంటే పోయి నిలబడ్డాడు. చెప్పకుండా పోయినందుకు ఈదమ్మ మూడు పూటలు అన్నం ముట్టలేదు. అరవై ఐదు ఎండాకాలంలో సెలవు మీద ఇంటికొచ్చాడు. బూట్లేసుకుని వాడలో నడుస్తుంటే ఈదమ్మ కళ్లు తిరిగేవి, దిష్టి తగులుతుందన్న భయం ఒక పక్క, మురిపెం ఒక పక్క. తనను పడమటి సరిహద్దుకు వేశారని వాడు మాటల్లో అనేశాడు. ఆ మాట విన్నప్పటి నుంచి తల్లికి నిద్ర లేదు. సెలవు అయిపోయే రోజు వాడి బూట్లు తీసుకుపోయి జొన్నల గుమ్మిలో దాచిపెట్టింది.

"నేను పంపనంటే పంప. ఏం జేసుకుంటరో జేసుకోండ్రి!"

"అమ్మా, పోకుంటే పట్టుకపోయి జైల్ల ఏస్తరే," అని కొడుకు బతిమాలాడు.

"ఏస్తే ఏయనీ. జైల్లయితే పానంతోని ఉంటవు గద!"

ఆమె తప్పు మాట్లాడిందని ఎవరైనా అంటే వాళ్లకు కన్నకడుపు లేనట్టే. చివరికి ఆమె లేచి పక్క గుడిసెకు పోయింది. పట్వారి దగ్గరికీ పోలేదు, భిక్షపతి దగ్గరికీ పోలేదు. గాలయ్య దగ్గరికే పోయింది.

"అన్నా, ఆడ మల్ల కాల్పులు అయితున్నయట. నువ్వు జెప్పు. పోరన్ని పంపాల్నా, వద్దా? నువ్వు వద్దంటే కాల్లు ఇరగ్గొట్టయినా ఇంట్లనే ఉంచుకుంట."

గాలయ్య నవ్వాడు. పాపం, మంచిమనసుతోనే నవ్వాడు.

"పిచ్చి చెల్లె! ఏదో గట్టు పంచాది అసుంటిది అయితది, ఆల్లే తెంపుకుంటరు. పెద్ద లడాయి ఎట్లయితది? పాలపొడోళ్లు మాట ఇచ్చిన్రు గద. ఆల్లు అమ్మినయి మనమీదికి రానియ్యమన్నరు. నేనే గద చాటింది! నా నోట ఎన్నడన్న అబద్దం ఇన్నవా?"

"ఇనలే."

"మరింకేంది? పోరన్ని నవ్వుకుంట తోలు. దసరాకు మల్ల వస్తడు."

ఈదమ్మ గుమ్మిలోంచి బూట్లు తీసి, అంటుకున్న జొన్న పొట్టును కొంగుతో తుడిచి కొడుకు ముందు పెట్టింది. గాలయ్యే వాడి పెట్టె నెత్తిన పెట్టుకుని రోడ్డు దాకా పోయి, బెజవాడ నుంచి పట్నం పోయే బస్సు ఎక్కించి వచ్చాడు.

వర్షాలు ఎగ్గొట్టిన ఆ ఏడే యుద్ధం వచ్చింది. పెద్దచెరువు అడుగు కనిపిస్తున్న రోజుల్లో మిలిట్రీ నుంచి తారు, అదే టెలిగ్రాం, వచ్చింది. భిక్షపతి చదివాడు. చదివి, దాన్ని మడిచి ఈదమ్మ చేతిలో పెట్టాడు. చెప్పే పని లేకపోయింది. శవం రాలేదు. కొడుకు నెత్తిమీద ఒక్క చుక్క నీళ్లు పోసే భాగ్యం కూడా ఆ తల్లికి లేకుండా పోయింది. గాలయ్య పోయి ఆమె పక్కన కూర్చుంటే ఆమె లేచి లోపలికి పోయింది. ఆ రోజు నుంచి అతనితో మాట లేదు.

కొన్నాళ్లకు భిక్షపతి పేపరు పట్టుకుని అతని గుడిసెకే వచ్చాడు. ఈసారి బల్ల గుద్దినవాడిలా మాట్లాడలేదు, మెల్లగా చెప్పాడు.

"అన్నా, నీరటోళ్లతోని ఆగలేదు. ట్యాంకులు ఆల్లవే, బాంబుల విమానాలు ఆల్లవే. మన పోరగాండ్ల మీదికి వచ్చినయి గవే. ఇచ్చిన మాటను ఎవడు అడుగలే, ఎవడు ఆపలే."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయి. "పాలు వోసి గొంతు కోసిన్రురా," అన్నాడు గాలయ్య. "గా గొంతుల మీదికి కత్తి నాతోనే పంపిన్రు."

మర్నాడు ఆఫీసుకు నడిచిపోయాడు. ఆ ఆఫీసరే ఇప్పుడు సమితికి పెద్ద, బట్టతల వచ్చింది, గదిలో పంకా తిరుగుతోంది. చాటింపులో ఒక రివాజు ఉంది. చాటిన మాట తప్పయితే చాటిన నోరే మళ్లీ తిరగాలి. డప్పు బోర్లించి చెక్క మీద కొడుతూ, కడపటి ఇంటి నుంచి మొదటి ఇంటికి వెనక్కి నడుస్తూ ఆ మాటను వాపసు తీసుకోవాలి. అయితే చాటించినవాడు చెప్పాలి, అదీ రివాజే.

"అయ్యా, యాభై ఎనిమిదిల చాటిచ్చిన మాట వాపసు చాటియ్యిండ్రి."

ఆఫీసరుకు గుర్తు రావడానికే కొంతసేపు పట్టింది. వచ్చాక చిరాకుపడ్డాడు. "ఢిల్లీలో మహామహులే నమ్మారయ్యా. నేనూ నమ్మాను. ఇప్పుడు నన్నేం చేయమంటావు?"

"నమ్మి మోసపోయినమని చాటియ్యిండ్రి. అంతే సాలు."

"సర్కారు చాటింది తప్పని సర్కారే చాటుకుంటుందా? నీకు మతి ఉందా? సరే గానీ, మంచి వేళకే వచ్చావు. గురువారం మీ ఊరికి గోధుమల లారీ వస్తుంది. అది చాటు, కరువులో నాలుగు కడుపులు నిండుతాయి."

"ఎవరి గోధుమలు అయ్యా?"

ఆఫీసరు కాగితాల్లోకి తల దించాడు. "తినేవాటికి ఊరూ పేరూ ఎందుకు?"

గాలయ్యకు సమాధానం దొరికింది. దండం పెట్టకుండానే బయటికి వచ్చాడు.

గురువారం పొద్దున డప్పు మోగింది. గోధుమలు వస్తున్నాయని, అందరూ సంచులతో బడి దగ్గరికి రావాలని ఎప్పటిలాగే చాటాడు. ఆకలి మీద అలగడానికి అతనెవరు? ఊరి చివరి ఇల్లు రాగానే ఆగాడు. డప్పు బోర్లించి, చెక్క మీద కట్టె వేశాడు. ఆ పొడి చప్పుడుకు ముసలివాళ్లు ఉలిక్కిపడి బయటికొచ్చారు.

"ఇనుండ్రి! సముద్రానికి నీరటోళ్లని ఎన్కట నేను చాటిన మాట అబద్దం! నాతోని చాటిచ్చినోళ్లు నన్ను మోసం జేసిన్రు, నేను మిమ్ముల మోసం జేసిన! గోధుమలు తెచ్చుకోండ్రి, తినుండ్రి, గది మీ కడుపు. గని గాల్ల మాట నమ్మకుండ్రి! ఇగ నా మాట గూడ నమ్మకుండ్రి!"

అరుగు మీద నుంచి పట్వారి అరిచాడు. "ఒరే గాలిగా! నీకు చాటింపు పని ఉండాల్నా, ఊడాల్నారా?"

గాలయ్య తల తిప్పలేదు. భిక్షపతి హోటల్లోంచి ఉరికొచ్చి "శబాష్ అన్నా!" అన్నాడు. ఆ శబాష్ అతనికి అక్కర్లేదు. అతను వెనక్కి నడుస్తున్నది ఒక్క గుమ్మం కోసం.

ఈదమ్మ వాకిట్లో కూర్చుని చిరిగిన గోనెసంచిని పురికొసతో కుడుతోంది. గాలయ్య కట్టె ఆపేశాడు. చాటే గొంతు కాకుండా మామూలు గొంతుతో ఆ మాటే మళ్లీ చెప్పాడు. "చెల్లె, నేను చాటింది అబద్దం. నన్ను తిట్టు, కొట్టు. ఒక్క మాటన్న మాట్లాడు."

ఆమె పురికొసను పంటితో తెంపింది. సంచిని దులిపి భుజాన వేసుకుని లేచింది.

"గీ మాట మొన్న ఎండకాలం నేను అడగవచ్చిన్నాడు చెప్తే, నా కొడుకు జైల్లనన్న ఉండేటోడు," అంది.

అని, అతని పక్కనుంచే నడిచి గోధుమల లైను వైపు పోయింది. గాలయ్య ఇంట్లోకి పోయి డప్పును చూరుకు తగిలించి, సంచి వెతుక్కుని, పోయి అదే లైనులో ఆమెకు కనపడకుండా చివర నిలబడ్డాడు.