పన్నెండవ సంతోషమ్మ

సత్యనారాయణపేటలో మా పక్కింటాయన పోయిన నెల ఒక ఆదివారం, ఆరాధనకు బయలుదేరి, గడప దగ్గరే కూలిపోయి మరణించారు. నాకన్నా ఇరవై ఏళ్లు చిన్న. అయినా కంప్యూటరు విద్యలో నాకు గురువు. ఆయన గురించి మంచి మాత్రమే రాయాలని కూర్చున్నాను. కుదరడం లేదు.

కళాశాల ఉద్యోగం ముగిశాక మా సంఘపు పాత బాప్తిస్మ పుస్తకాన్ని నేనొక్కదాన్నే కంప్యూటరులోకి ఎక్కించాను. తమ అవ్వ పేరు కోసం ఇప్పటికీ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. మావాళ్లలో మనుషులు ఎక్కువ, పేర్లు తక్కువ. ఏ పేరు వెతికినా పదిమంది పలుకుతారు. మీట నొక్కితే తెర ఎక్కడికో దూకేది. దొరికిన పేరు ఏ మూలనో నక్కేది.

“ఏందప్పా ఇది, జాతరలో పిల్లను వెతికినట్లుండాది,” అన్నాను ఆయనతో.

“ఇందులో ఉండే పేర్లు ఇంగ యాడికి పోతాయి మేడమ్? నాలుగు దినాలు తాళండి.”

నాలుగు రోజులు కూర్చుని, నేను టైపు చేసే ఎడిటర్ ప్రోగ్రామును నా మసక కళ్లకు తగినట్లు మలిచారు. దొరికిన పేరు ప్రతిసారీ తెర నడుమనే, పసుపు రంగులో నిలిచేది. పైన పెద్ద అక్షరాల్లో ‘పదకొండులో నాలుగు’ అని లెక్క. ముందుకొక మీట, వెనక్కొక మీట, మొదలుపెట్టిన చోటికి చేరడానికి మరొకటి. నేను గబగబా నొక్కితే ఒప్పుకునేవారు కాదు. “దాటుకోని పోవద్దు మేడమ్. ఒక్కో పేరుకాడ నిలబడల్ల. వాళ్లూ మనుషులే గదా.” కాగితం పుస్తకాన్ని మాత్రం తీయనిచ్చేవారు కాదు, చినిగిపోతుందని. ఆ శ్రద్ధకు మురిసిపోయేదాన్ని.

సమాధి చేసిన వారానికి ఆయన కూతురు వచ్చింది. “ఆంటీ, మా నాయన వాళ్ల అవ్వ పేరు సంతోషమ్మంట. సమాధి రాయి మీద వంశం చెక్కించల్ల, తీసిస్తారా?”

పదకొండు మంది సంతోషమ్మలు వచ్చారు. ఒక్కొక్కరి దగ్గరా నిలబడ్డాం. ఎవరూ ఆమె కాదు. బీరువాలోంచి పుస్తకం తీశాను. పన్నెండవ సంతోషమ్మ అందులో ఉంది: ‘బ్రూస్‌పేట బజారులో దొరికిన పసిపిల్ల. తల్లిదండ్రులు తెలియరు.’ పక్కన, తరువాతి కాలపు సిరాతో, ఆమె భర్త పేరు. అది మా పక్కింటాయన తాతగారి పేరే.

టైపులో నేనే వదిలేశానేమో అనుకున్నాను. టైపు ముగిసిన రోజున పెన్‌డ్రైవ్‌లో దాచిన ప్రతిని తెరిచాను. ఆ వరుస ఉంది. నా కంప్యూటరును నేను కాక ముట్టినవారు ఆయనొక్కరే.

బజారులో దొరికిన పిల్లకు మనవడినని సిగ్గుపడ్డారని అర్థమవుతోంది. అడిగి ఉంటే కాదనేదాన్ని, అందుకే అడగలేదు. కానీ ఆ లెక్కను నమ్మి ఎంతమందిని ‘మీ అవ్వ ఇందులో లేదమ్మా’ అని గుమ్మంలోంచే పంపించానో. వారిలో ఇంకెవరి అవ్వనైనా ఇలాగే తీసేశారేమో, ఇప్పుడు పుటపుటా సరిచూడాలి. ఆ వెతుకులాట కూడా ఆయన అమర్చిన మీటలతోనే. అంత మేలు చేసిన చేతిని ఇంతగా ద్వేషించవలసి రావడమే నాకు కష్టంగా ఉంది.

“ఆయమ్మను మళ్లీ ఎక్కించల్ల ఆంటీ,” అంది కూతురు.

“మీ నాయనకు ఇష్టం లేదు.”

“ఆయప్పకు లేకుంటే? నాకుండాది.”

ఎవరికీ ఇవ్వని నా కుర్చీ ఆమెకు ఇచ్చాను. నేను పుస్తకం పట్టుకుని చదువుతుంటే ఒంటివేలితో టైపు చేసింది. ‘తల్లిదండ్రులు’ అన్నాక పుస్తకాన్ని కాస్త కిందికి దించాను.

“చదవండి,” అంది, తల ఎత్తకుండా, మీటల మీద వేలు అలాగే నిలిపి.