మూడో మంచం నుంచి ఐదో మంచానికి

డిగ్లీపూర్‌లో బస్సు దిగేసరికి 16:20. పోర్ట్ బ్లెయిర్‌లో ఎక్కింది తెల్లవారుజామున 04:00కి. జూన్ నెల, ఆగని వాన. ఒక ట్రంకు పెట్టె, ఒక బెడ్డింగు, ఒంటి మీద రెయిన్‌కోటు. దాని లోపల కూడా తడిసే ఉన్నాను. అక్కణ్ణుంచి యూనిట్ బండిలో ఇంకో నలభై నిమిషాలు. రేకుల కప్పు, పది మంచాలు, ఒక జనరేటరు. అదే మా ఆసుపత్రి.

సైన్యంలో నేను నర్సింగ్ అసిస్టెంటుని. తుపాకీ పట్టింది తక్కువ, కట్లు కట్టింది ఎక్కువ. మా ఊళ్లో ఎవరైనా యుద్ధం చూశావా అని అడిగితే చూశాననే చెబుతాను. అది ఆ పది మంచాల మధ్య జరిగింది. ఓడిపోయాం. తప్పు నాది.

డాక్టరు ఒక్కరే, కుర్ర కెప్టెన్. రోజూ 06:30కి కట్లు మార్చడం మొదలు. ఒకటో మంచం నుంచి పదో మంచం దాకా వరసగా, 08:00 లోపు అయిపోవాలి.

మూడో మంచం మీద వంటవాడు. సెలవులో ఊరెళ్లినప్పుడు ఏదో పెద్ద ఆసుపత్రిలో కడుపు ఆపరేషన్ అయింది. తిరిగొచ్చాక కుట్లు చీముపట్టాయి. అప్పటికే మూడు రకాల యాంటీబయాటిక్‌లు మింగి ఉన్నాడు. కెప్టెన్ చీము తీసి పరీక్షకి పోర్ట్ బ్లెయిర్ పంపారు.

ఐదో మంచం మీద డ్రైవరు. అండమాన్‌లోనే పుట్టిన తెలుగువాడు. తండ్రిది పోర్ట్ బ్లెయిర్ పక్కన సిప్పీఘాట్, తోటపని. చక్రం మారుస్తుంటే జాకీ జారి ఎడమ కాలి పిక్క చీలింది. ఏడు కుట్లు. పది రోజుల్లో బండెక్కాల్సినవాడు.

"భయ్యా, ఏం టెన్షన్ లేదు. మామూలు చోట్ ఇది, చిన్న దెబ్బ. కానీ క్లచ్ కాలు కదా, జర జాగ్రత్తగా చూడండి. ఈ కాలు పోతే నా పని ఖతం," అనేవాడు నవ్వుతూ.

రెండో వారం సముద్రం రేగింది. సామాన్లు తెచ్చే ఓడ రాలేదు. స్టోర్ హవల్దార్ వచ్చి కెప్టెన్‌తో చెప్పాడు: "గ్లౌజులు రెండే డబ్బాలు మిగిలాయి సాబ్. ఓడ ఎప్పుడొస్తుందో తెలీదు."

కెప్టెన్ ఆర్డరు సూటిగానే ఉంది. "చీము కారే పుళ్లకే గ్లౌజులు. వాడగానే పారేయండి. మిగతావాళ్లకి సబ్బుతో చేతులు కడుక్కుని కట్టండి. మంచం మంచానికీ కడగాలి."

నాకు అది నచ్చలేదు. ఒట్టి చేతుల కన్నా గ్లౌజే మేలనుకున్నాను. పదిహేడేళ్ల సర్వీసు, నాకు తెలియదా అన్న పొగరు కూడా ఉంది. వాడిన గ్లౌజుల్ని మందు నీళ్లలో జాడించి, వరండాలో తాడు మీద ఆరేసి, పౌడరు చల్లి మళ్లీ తొడిగాను. రోజుకి రెండు జతలతో పది మంచాలు. మంచానికీ మంచానికీ మధ్య స్పిరిట్ దూదితో ఒక్క తుడుపు. స్టోర్ హవల్దార్ నా భుజం తట్టాడు. పొదుపంటే నిన్ను చూసి నేర్చుకోవాలన్నాడు. నేనూ పొంగిపోయాను.

కుట్లు పడిన తొమ్మిదో రోజు డ్రైవరుకి చలి జ్వరం. కుట్ల చుట్టూ ఎర్రబడి వాపు. మర్నాటికి చీము. మా దగ్గరున్న ఇంజెక్షన్లు రెండు రకాలు ఇచ్చాం. జ్వరం 103 దగ్గరే నిలబడింది.

ఆ మర్నాడు 11:10కి రేడియో పలికింది. అవతల పోర్ట్ బ్లెయిర్ ఆపరేటరు.

"మూడో మంచం రిపోర్టు. మందుల లిస్టు వరసలోనే చదువుతాను, రాసుకో. మొదటిది R. రెండోది R. మూడోది R. ఓవర్."

పన్నెండు మందులు చదివాడు. పదకొండింటికి R. అంటే ఆ క్రిమి వాటికి లొంగదు. పన్నెండోది ఒక్కటే పనిచేస్తుంది. అది మూత్రపిండాల్ని దెబ్బతీసే మందు, మా దగ్గర లేదు.

కెప్టెన్ కాగితం చూశారు. ఐదో మంచం వైపు చూశారు. వరండాలోకి వెళ్లి, గ్లౌజులు ఆరేసిన తాడు దగ్గర ఆగారు.

"ఇవెవరి పని?"

"నేనే ఉతికాను సార్."

"మంచం మంచానికీ చేతులు కడుక్కున్నావా?"

"గ్లౌజులున్నాయి కదా సార్," అన్నాను.

"మూడో మంచం క్రిమిని ఐదో మంచానికి మోసింది ఈ గ్లౌజులే," అన్నారు, తిట్టకుండా. తిడితే బాగుండేది.

హెలికాప్టర్ అడిగాం. గాలి ఎక్కువ, రాదన్నారు. 13:00కి అంబులెన్సులో రోడ్డున పోర్ట్ బ్లెయిర్‌కి బయలుదేరాం. దారిలో బండిని ఫెర్రీ మీదికి ఎక్కించి ఖాడీ, అంటే సముద్రపు పాయ, దాటాలి. ఫెర్రీ కోసం గంటన్నర ఆగాం. ఐదో మంచం డ్రైవరు తల నా ఒళ్లో ఉంది. "భయ్యా, క్లచ్ కాలు ఉంచుతారా?" అని అడిగాడు. ఉంచుతారన్నాను.

ఉంచలేదు. మోకాలి కింద తీసేశారు. అప్పటికే క్రిమి రక్తంలో చేరింది. ఆ చివరి మందు ఎక్కిస్తే మూత్రం ఆగిపోయింది. ఐదో రోజు 10:25కి పోయాడు. ఇరవై నాలుగేళ్లు. వంటవాడు మాత్రం రెండు నెలలకి కోలుకుని మళ్లీ వంటింట్లోకి వెళ్లాడు.

విచారణలో దాచకుండా చెప్పాను. శిక్ష వేశారు. మిగిలిన సర్వీసు పూర్తిచేసి ఇంటికొచ్చాను. ఇప్పుడు మా ఊరి ఆసుపత్రికి ఎవరితో వెళ్లినా గట్టిగానే అడుగుతాను: పక్క రోగిని ముట్టాక చేతులు కడుక్కున్నారా? చాదస్తం అనుకుంటారు. అనుకోనివ్వండి. మీరూ అడగండి. గ్లౌజు తొడిగింది ఎవరి కోసమో, ఎవరి దగ్గర నుంచి వచ్చిందో అడగండి. జలుబుకల్లా యాంటీబయాటిక్ రాయమని డాక్టర్ల ప్రాణం తీయకండి.

ఒకటి మాత్రం నన్ను వదలదు. ఆ రోజు శవాగారం ముందు డ్రైవరు తండ్రి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. చిన్న మనిషి, గోళ్లలో ఇంకా తోట మట్టి.

"నువ్వేనా బాబూ? రోజూ నీ చేత్తోనే కట్టు కట్టేవోడివంట కదా. సగా భాయిలాగ, సొంతన్నలాగ చూసుకుంటన్నాడు నాన్నా అని ఫోన్లో చెప్పేవోడు."

ఆయన నా రెండు చేతులూ పట్టుకుని, వంగి, తన కళ్లకి అద్దుకున్నాడు.